అల్పపీడనం దాటేదాకా హార్బరులో బోటు మీదే ఉండాల్సి వస్తే: సరంగులకు, కలాసీలకు సమగ్ర మార్గదర్శి

అక్టోబరు నుంచి డిసెంబరు చివరిదాకా బంగాళాఖాతంలో ఒక అల్పపీడనం పోయిందనుకునేలోపే మరొకటి ఏర్పడుతుంటుంది. "మత్స్యకారులు వేటకు వెళ్లరాదు" అన్న హెచ్చరిక వెలువడిన ప్రతిసారీ మరబోట్లు హార్బరులోనో, ఏటిలోనో కట్టుబడి ఉండిపోతాయి. బోటును వదిలి ఇంటికి పోలేని కలాసీలు (బోటులో పనిచేసేవారు) అందులోనే వండుకుని, అందులోనే పడుకుంటారు. ఆ రోజుల్లో ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి, ఎప్పుడు బయలుదేరాలి, ఎప్పుడు బోటును వదిలేసి ఒడ్డెక్కాలి అని కుర్ర సరంగులు (బోటు నడిపేవారు), కొత్తగా బోటు కొన్నవారు పదేపదే అడుగుతున్నందువల్ల ఈ వివరాలన్నీ వరుసగా రాస్తున్నాను.

ప్రకాశం జిల్లా తీరంలోని కొత్తపట్నం, పాకల వంటి చోట్ల ఫైబర్ పడవలను ఇసుక మీదికి లాగి పెడతారు కాబట్టి ఆ పడవలవారికి 1, 6, 9 భాగాలు చాలు. మిగిలినదంతా నీటిలోనే కట్టి ఉంచే మరబోట్ల గురించి.

## 1. మొదట తేల్చుకోవలసినది: బోటులో ఉండాలా, దిగిపోవాలా

ఈ నిర్ణయాన్ని గాలి మొదలయ్యాక తీసుకోకూడదు. ఆకాశం ప్రశాంతంగా ఉన్నప్పుడే హద్దు నిర్ణయించుకుని, ఆ హద్దును బోటులోని అందరికీ చెప్పి ఉంచాలి.

వాతావరణ శాఖ వాడే మాటలకు కచ్చితమైన గాలి వేగాలున్నాయి.

- వాయుగుండం: గంటకు 31 నుంచి 49 కి.మీ.
- తీవ్ర వాయుగుండం: 50 నుంచి 61 కి.మీ.
- తుఫాను: 62 నుంచి 88 కి.మీ.
- తీవ్ర తుఫాను: 89 నుంచి 117 కి.మీ.
- అతి తీవ్ర తుఫాను: 118 నుంచి 165 కి.మీ.

ఇవి నిలకడగా వీచే గాలికి చెప్పిన అంకెలే తప్ప విసురుగా వచ్చే ఈదురుగాలులకు చెప్పినవి కావు. ఈదురుగాలి దీనికన్నా పది, ఇరవై కిలోమీటర్లు ఎక్కువగానే ఉంటుంది.

నా అభిప్రాయంలో తీవ్ర వాయుగుండం వరకు, బోటు మంచి చోట గట్టిగా కట్టి ఉన్నప్పుడు, ఈత వచ్చిన ఇద్దరు ముగ్గురు మనుషులు అందులో ఉండవచ్చు. మన తీరానికి తుఫాను హెచ్చరిక ఇచ్చారంటే మాత్రం బోటులో ఒక్కరు కూడా ఉండకూడదు. గాలి వేగం రెట్టింపైతే బోటు మీద పడే తోపు నాలుగు రెట్లవుతుంది. 50 కి.మీ. గాలిలో ఒక మనిషి తాడు బిగించి బోటును నిలబెట్టగలడు గానీ, 100 కి.మీ. గాలిలో అతను చేయగలిగినదేమీ ఉండదు.

## 2. చోటు ఎంచుకోవడం

ముందు వచ్చినవారికే మంచి చోటు దొరుకుతుంది. హెచ్చరిక వచ్చిన రోజు సాయంత్రానికి హార్బరు నిండిపోతుంది కాబట్టి, 72 గంటల ముందు వచ్చే మొదటి సూచనతోనే కదలాలి.

హార్బరులో అయితే: ముఖద్వారానికి ఎదురుగా ఉన్న జెట్టీని వదిలేయాలి. గాలిని అలల అడ్డుగోడ కొంతవరకు ఆపుతుంది గానీ, పొడవైన కెరటం ముఖద్వారం గుండా లోపలికి వచ్చి బోటును ముందుకూ వెనక్కూ లాగుతూనే ఉంటుంది. తాళ్లు ఎక్కువగా తెగేది ఈ లాగుడుకే. ముఖద్వారం నుంచి నేరుగా కనిపించని మూల మంచిది.

ఏటిలో అయితే: కృష్ణపట్నం దగ్గరి ఉప్పుటేరు, ఇసకపల్లి ఉప్పుటేరు, పెన్నా మొగ (నది సముద్రంలో కలిసే చోటు) వంటి చోట్ల కెరటం బాధ తక్కువ. అక్కడ ప్రమాదం వెనుక నుంచి, అంటే పైనుంచి వచ్చే వరద రూపంలో ఉంటుంది. పెన్నాలో కట్టినవారు సోమశిల నుంచి, గుండ్లకమ్మలో కట్టినవారు మల్లవరం దగ్గరి జలాశయం నుంచి నీరు వదులుతున్నారేమో రోజూ కనుక్కోవాలి. వరదతోపాటు కొట్టుకొచ్చే గుర్రపుడెక్క, చెట్ల మొద్దులు బోటు ముందు పోగుపడితే ఎంత మంచి తాడైనా నిలవదు. వాన తీరం మీద ఆగిపోయాక కూడా ఎగువ వరద ఒకటి రెండు రోజులు ఆలస్యంగా రావచ్చు.

లోతు: మన తీరంలో ఆటుపోట్ల తేడా అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సుమారు ఒక మీటరు ఉంటుంది. నీరు పూర్తిగా దిగినప్పుడు కూడా బోటు అడుగుకు, నేలకు మధ్య కనీసం ఒక మీటరు నీరు మిగలాలి. లేకపోతే కెరటం పల్లంలో బోటు నేలను గుద్దుకుని చుక్కాని, ప్రొపెల్లర్ దెబ్బతింటాయి.

పొరుగు: ఒకదాని పక్కన ఒకటిగా ఐదారు బోట్లు కట్టిన వరుసలో చివరి బోటుగా చేరవద్దు. ఆ వరుసంతటి బరువును జెట్టీ వైపున్న మొదటి బోటు తాళ్లే మోస్తాయి. అవి తెగితే అందరూ కలిసి కొట్టుకుపోతారు. రెండు, మహా అయితే మూడు బోట్లకు మించి వరుస కట్టకూడదు.

## 3. బోటును కట్టే వరుస

ఈ భాగానికి ఒక పూట కేటాయించాలి. తొందరగా ముగించే పని కాదు.

1. అణియం (బోటు ముందు భాగం) నుంచి ఒక తాడు, అమరం (వెనుక భాగం) నుంచి ఒక తాడు జెట్టీకి కట్టాలి. ఇవి బోటును ఒడ్డున పట్టి ఉంచుతాయి.
2. తర్వాత అణియం నుంచి వెనక్కి, అమరం నుంచి ముందుకు ఏటవాలుగా రెండు పొడవాటి తాళ్లు వేయాలి. కెరటానికి బోటు ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపేవి ఇవే. చాలామంది వీటిని వేయకపోవడం వల్లనే మొదటి రెండు తాళ్ల మీద బరువంతా పడుతుంది.
3. ఇప్పుడు అణియానికి, అమరానికి రెండో తాడు జోడించాలి. దానిని మొదటి తాడు కట్టిన ఇనుప గుంజకు కాకుండా వేరే గుంజకు కట్టాలి. గుంజ పెకలితే రెండు తాళ్లూ ఒకేసారి పోకూడదు.
4. ప్రతి తాడు పొడవుగా, వీలైనంత చదునుగా పోవాలి. పొట్టిగా, నిలువుగా బిగించిన తాడు నీరు ఎక్కగానే తెగుతుంది, లేదా కట్టిన కొయ్యనే పెరికేస్తుంది.
5. సముద్రం వైపు ఒక లంగరు వేసి బోటును జెట్టీకి కాస్త ఎడంగా లాగి ఉంచాలి.

లంగరు తాడు లెక్క: నీటి లోతుకు, నీటి మట్టం నుంచి అణియం ఎత్తును, పోటుకు పెరిగే నీటిని కలపాలి. లోతు 4 మీటర్లు, అణియం ఎత్తు 1.5 మీటర్లు, పోటు అర మీటరు అనుకుంటే మొత్తం 6 మీటర్లు. మామూలు రోజుకు దీనికి ఐదు రెట్లు, అంటే 30 మీటర్లు వదలాలి. గాలి రోజుకు ఏడు రెట్లు, అంటే 42 మీటర్లు. లంగరు దగ్గర కొన్ని మీటర్లు గొలుసు ఉంటే లాగుడు నేలబారుగా ఉండి లంగరు కొక్కెం పట్టు వదలదు.

ఏ తాడు: కట్టడానికి నైలాన్ తాడు మేలు, ఎందుకంటే అది సాగి కుదుపును మింగుతుంది. నీటి మీద తేలే ప్లాస్టిక్ తాడు అంతగా సాగదు, పైగా ఎండకు పెళుసుబారుతుంది. దానిని విరిచి చూసినప్పుడు పొడి రాలితే ఆ తాడును పక్కన పెట్టేయాలి.

రాపిడి: తాడు తెగేది ఎక్కువగా మధ్యలో కాదు, జెట్టీ అంచు మీదనో బోటు కొయ్య మీదనో రాసుకునే జానెడు మేరలో. లారీ ట్యూబును పొడవుగా చీల్చి ఆ జానెడు చుట్టూ రెండు పొరలు చుట్టి, ట్వైను దారంతో రెండు చివరలా బిగించాలి. రాత్రి తాడు కిర్రుమంటూ ఒకే లయలో చప్పుడు చేస్తుంటే అక్కడ రాపిడి మొదలైందని అర్థం. ట్యూబు చుట్టిన చోట చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా ఉంటుంది, నల్లటి రబ్బరు పొడి వేళ్లకు అంటుతుంది. అప్పుడు తాడును ఒక అడుగు వదిలి, రాపిడి పడే చోటును మార్చాలి.

టైర్లు: బోటు బాగా వెడల్పుగా ఉన్న చోట కనీసం నాలుగు టైర్లు వేలాడదీయాలి. నీరు నిలవకుండా ప్రతి టైరుకు అడుగున ఒక రంధ్రం చేయాలి. పక్క బోటు మాస్టు, మన మాస్టు ఎదురెదురుగా రాకుండా ఒక బోటును కొద్దిగా ముందుకు జరపాలి.

## 4. గాలి ఎటు తిరుగుతుందో ముందే తెలుసుకోవడం

ఓడరేవులో ఎగరేసే ప్రమాద సూచిక నంబరును చాలామంది భయం కొలిచే అంకెగా మాత్రమే చూస్తారు. 5 నుంచి 10 వరకు ఉన్న నంబర్లు తుఫాను ఏ పక్కగా పోతుందో కూడా చెబుతాయి.

1, 2 నంబర్లు దూరాన ఉన్న వాతావరణానికి. 3, 4 స్థానికంగా జాగ్రత్త పడడానికి. 5, 6, 7 ప్రమాదానికి; 8, 9, 10 పెను ప్రమాదానికి; 11 సమాచార సంబంధాలు తెగిపోయాయనడానికి.

- 5 లేదా 8: తుఫాను రేవును తన ఎడమ పక్కన ఉంచుకుని దాటుతుంది. పడమరగా కదిలే తుఫాను విషయంలో అది మనకు ఉత్తరాన తీరం దాటుతుందని అర్థం. గాలి ఈశాన్యంతో మొదలై ఉత్తరం, వాయవ్యం, పడమర మీదుగా నైరుతికి తిరుగుతుంది.
- 6 లేదా 9: రేవు తుఫానుకు కుడి పక్కన పడుతుంది, అంటే అది మనకు దక్షిణాన దాటుతుంది. గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, ఆగ్నేయానికి తిరుగుతూ సముద్రాన్ని ఒడ్డు మీదికి నెడుతుంది. ఉప్పెన ముప్పు ఎక్కువగా ఉండేది ఈ పక్కనే.
- 7 లేదా 10: రేవు మీదుగానో, అతి సమీపంలోనో దాటుతుంది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను నెల్లూరు తీరం వెంబడి ఉత్తరంగా సాగి బాపట్ల దగ్గర తీరం దాటింది. అటువంటి దారిలో నెల్లూరు బోట్లకు గాలి చివరికి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి, ఈశాన్యపు గాలికి మాత్రమే తాళ్లు వేసుకున్నవారి లెక్క తప్పుతుంది. నంబరు చూసిన వెంటనే గాలి చివరికి వచ్చే దిక్కుకు కూడా ఒక తాడు అదనంగా వేయాలి.

తుఫాను కేంద్రం ఎటుందో తెలుసుకోవడానికి గాలికి వీపు పెట్టి నిలబడితే చాలు. అది మీ ఎడమ చేతి వైపు ఉంటుంది.

## 5. బోటులో రోజులు గడపడం

ముందుగా పట్టిన చేపను అమ్మేసి ఐస్ గదిని ఖాళీ చేయాలి. ధర పెరుగుతుందని సరుకు పెట్టుకుని కూర్చుంటే కరిగిన ఐసు నీరంతా బోటు అడుగుకు చేరి పంపుకు పని పెరుగుతుంది, చేప కూడా పాడవుతుంది.

నీరు, తిండి: తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్లు లెక్కవేయాలి. ముగ్గురు ఐదు రోజులుంటే 75 లీటర్లు. దానిని ఒకే డ్రమ్ములో కాక మూడు నాలుగు క్యాన్లలో పంచి పెట్టాలి. గాలి పెరిగాక పొయ్యి వెలిగించడం కుదరదు కాబట్టి ముందుగానే పులిహోర కలిపి, అటుకులు, ఎండు చేపలు, ఊరగాయ సిద్ధంగా ఉంచుకోవాలి.

గ్యాసు: వంట గ్యాసు గాలికన్నా బరువైనది. లీకైతే పైకి పోకుండా బోటు అడుగుకు దిగి అక్కడే నిలుస్తుంది. సిలిండరును డెక్ మీద నిటారుగా కట్టి, వంట కాగానే సిలిండరు దగ్గరే వాల్వు మూసేయాలి. వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకూడదు. పంపు స్విచ్చు కూడా వేయకూడదు. తలుపులన్నీ తెరిచి, మనుషులు జెట్టీ ఎక్కాలి.

పొగ: వానకు తలుపులన్నీ మూసుకుని లోపల బొగ్గుల కుంపటి పెట్టడం, జనరేటరు పొగ లోపలికి వచ్చేలా నడపడం ప్రాణాంతకం. ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు.

అడుగు నీరు: ఉదయం, సాయంత్రం ఒకే చోట ఒకే కర్ర ముంచి నీటి మట్టం గుర్తుపెట్టాలి. వాన లేకుండానే మట్టం పెరుగుతుంటే ప్రొపెల్లర్ షాఫ్టు గ్లాండు (షాఫ్టు బోటు బయటకు పోయే చోట నీరు రాకుండా ఆపే బిగింపు) దగ్గర చూడాలి. ఇంజను ఆగి ఉన్నప్పుడు అక్కడ నీరు ధారగా కారకూడదు. పంపు జాలీలో ప్లాస్టిక్ కవరు, వల ముక్క చిక్కుకోవడం మామూలే కాబట్టి దానిని రోజూ తీసి కడగాలి. డెక్ మీది నీరు బయటకు పోయే రంధ్రాలు కూడా మూసుకుపోకూడదు.

కాపలా: రాత్రంతా ఒకరు మేలుకోవాలి, రెండేసి గంటలకు మారాలి. కాపలా మనిషి గంటకోసారి తాళ్లు, టైర్లు, అడుగు నీరు చూడాలి. లైఫ్ జాకెట్ వేసుకోకుండా డెక్ మీదికి రాకూడదు. ఒక్కమాట ప్రత్యేకంగా చెప్పాలి: బోటు జెట్టీకేసి వస్తుంటే కాలితోనో చేతితోనో ఆపాలని చూడకూడదు. టన్నుల బరువున్న బోటు ఆగదు, కాలు నలిగిపోతుంది. జెట్టీకి, బోటుకు మధ్య జారిపడడం కూడా ఎక్కువగా రాత్రిపూటే, వాన నీటికి నునుపెక్కిన పలక మీదనే జరుగుతుంది.

రోజూ ఉదయం చూసుకోవలసినవి:

- తాళ్ల రాపిడి చోట్లు, ముడులు
- అడుగు నీటి మట్టం, పంపు జాలీ
- బ్యాటరీ, ఫోన్లు, టార్చి
- తాగునీటి నిల్వ
- డీజిల్ ట్యాంకు (నిండుగా ఉంటే లోపల తేమ తక్కువ పడుతుంది)
- బోటు రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, గుర్తింపు కార్డులు ఉన్న ప్లాస్టిక్ సంచి

## 6. వాతావరణాన్ని చదవడం

వాతావరణ శాఖ బులెటిన్లు, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే సముద్ర సూచనలు, ఈ రెండూ చూడాలి. మొదటిది గాలిని, వానను చెబుతుంది. రెండోది అలను, కెరటాన్ని చెబుతుంది. వాట్సాప్‌లో తేదీ లేకుండా తిరిగే పటాలను నమ్మవద్దు. ఏ బులెటిన్‌లోనైనా మొదట చూడవలసినది అది విడుదలైన సమయం.

ఇన్‌కాయిస్ "అల ఎత్తు 2 మీటర్లు" అంటే అన్నిటికన్నా పెద్ద అల అంతేనని కాదు. మొత్తం అలల్లో అన్నిటికన్నా పెద్దవైన మూడో వంతుకు సగటు అది. ఆ రోజు ఒక్కో అల దాదాపు రెట్టింపు, అంటే 4 మీటర్ల దగ్గరికి కూడా రావచ్చు.

ఎత్తుతోపాటు అలకు, అలకు మధ్య సెకన్లు చూడాలి. ఐదారు సెకన్ల అల అక్కడి గాలికి లేచినది. నిటారుగా ఉండి కుదుపుతుంది గానీ గాలి తగ్గితే తగ్గుతుంది. 12 సెకన్లు దాటితే ఎక్కడో దూరాన పుట్టి వచ్చిన కెరటమని అర్థం. నడి సముద్రంలో అది తెలియకపోయినా మొగలో ఇసుక మేట మీద విరుచుకుపడుతుంది. మన దగ్గర గాలే లేకుండా తూర్పు నుంచి అటువంటి కెరటం మొదలైతే హెచ్చరిక రాకముందే తాళ్లు చూసుకోవాలి.

బేరోమీటరు లేదా ఆ సదుపాయం ఉన్న ఫోను ఉంటే ఒక లెక్క పెట్టుకోవచ్చు. మన ప్రాంతంలో గాలి పీడనం రోజూ ఉదయం 10, రాత్రి 10 గంటల ప్రాంతంలో ఎక్కువగా, తెల్లవారుజామున 4, సాయంత్రం 4 గంటల ప్రాంతంలో తక్కువగా ఉండడం సహజం. అందువల్ల ఉదయపు అంకెను సాయంత్రపు అంకెతో పోల్చి కంగారు పడకూడదు. నిన్న ఇదే గంటకు ఎంత ఉందో దానితోనే పోల్చాలి. 3 మిల్లీబార్లు తగ్గితే అనుమానించాలి, 5 తగ్గితే 1వ భాగంలో చెప్పిన నిర్ణయానికి వచ్చేయాలి.

## 7. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

- కొత్త తాడును పాత తాడుకు ముడివేసి పొడిగించడం. ముడి దగ్గర తాడు బలం సగానికి దగ్గరగా పడిపోవచ్చు. పొడవు చాలకపోతే పూర్తి పొడవున్న తాడు తేవాలి.
- వానకని టార్పాలిన్ అలాగే ఉంచడం. గాలి పెరిగాక అదే తెరచాపలా పనిచేసి బోటును లాగుతుంది. 40 కి.మీ. గాలికే దానిని విప్పి లోపల పెట్టాలి. వలలను కూడా డెక్ మీది నుంచి కిందికి దించాలి.
- చివరి గంటలో చోటు మార్చడం. గాలి మొదలయ్యాక తాళ్లు విప్పడం కన్నా, ఉన్న చోటే మరో తాడు వేయడం మేలు.
- బ్యాటరీ కోసం ఇంజనును గంటల తరబడి ఊరికే నడపడం. దీనివల్ల డీజిల్ పోతుంది, ఇంజనులో మసి పడుతుంది. ఛార్జింగుకు చిన్న సోలార్ పలక చాలు.
- బోటుకు కాపలా అని ఒక్క మనిషినే ఉంచడం. అతను నీటిలో పడితే చూసేవారు ఉండరు. ఇద్దరినైనా ఉంచాలి, లేదా ఎవరినీ ఉంచకూడదు.

## 8. బోటును వదిలి దిగే వరుస

తీరం దాటడానికి 24 గంటల ముందు వచ్చే తుఫాను హెచ్చరిక ఆఖరి గడువు. పగటి వెలుతురు ఉండగానే పని ముగించాలి.

1. గ్యాసు సిలిండరును ఒడ్డుకు చేర్చాలి.
2. సముద్రపు నీరు లోపలికి వచ్చే వాల్వులన్నీ మూయాలి.
3. అడుగు నీటి పంపును ఆటోమేటిక్‌లో ఉంచి, మిగిలిన విద్యుత్ స్విచ్చులు ఆపాలి.
4. తాళ్లకు ఉప్పెన నీటి ఎత్తుకు సరిపడా వదులు ఇచ్చి, రాపిడి చోట్ల కొత్త ట్యూబు చుట్టాలి.
5. వైర్‌లెస్ సెట్టు, జీపీఎస్, కాగితాలు వెంట తీసుకెళ్లాలి.
6. బోటును నాలుగు వైపుల నుంచీ తేదీ కనిపించేలా ఫోటోలు తీయాలి. ఇన్సూరెన్స్‌కు అవే ఆధారం.

తర్వాత తుఫాను షెల్టరుకో, లోపలి ఊరికో పోవాలి. గాలి ఒక్కసారిగా ఆగిపోతే తుఫాను కన్ను పైన ఉందేమో అనుమానించి కదలకుండా ఉండాలి. "ఓసారి బోటు చూసొస్తాను" అని రేవుకు పోయేవారి మీద కొద్దిసేపటికే ఎదురు దిక్కు నుంచి అంతే బలమైన గాలి విరుచుకుపడుతుంది. ఆపదలో 112కు, విపత్తు నిర్వహణ కంట్రోల్ రూముకు 1070కి ఫోన్ చేయవచ్చు.

## 9. మళ్లీ సముద్రంలోకి

హెచ్చరిక ఎత్తేసిన గంటలోనే ఇంజను వేయడం ఈ తీరంలో సాధారణంగా కనిపించే తొందరపాటు. అప్పటికే డీజిల్, బత్తా ఖర్చు మీద పడి ఉంటుంది కాబట్టి యజమాని ఒత్తిడి చేస్తాడు. ఆ ఒత్తిడికి లొంగకుండా ఉండాలంటే ఈ షరతులను ముందే కాగితం మీద రాసి ఇద్దరూ ఒప్పుకుని ఉండాలి.

- హెచ్చరిక ఎత్తేసి కనీసం ఒక రాత్రి గడవాలి. గాలి ఆగినంత త్వరగా సముద్రం చల్లబడదు.
- వచ్చే రోజుల సూచన వేటకు పట్టే మొత్తం రోజులకు అనుకూలంగా ఉండాలి, బయలుదేరే రోజుకు మాత్రమే కాదు.
- జెట్టీ మీద నిలబడి మొగను అరగంట చూడాలి. ఆ అరగంటలో ఒక్క అల కూడా అడ్డంగా విరిగి తెల్లగా నురుగు కక్కకూడదు.
- వరద తర్వాత మొగలో ఇసుక మేట చోటు మారి ఉంటుంది. పాత జీపీఎస్ దారిని నమ్మకుండా చిన్న పడవలో పోయి, సీసపు గుండు కట్టిన తాడుతో లోతు చూడాలి.
- పగటిపూట, పోటు నీరు నిండబోయే సమయంలో దాటాలి. నీరు దిగుతున్నప్పుడు బయటికి పోయే ప్రవాహం లోపలికి వచ్చే కెరటాన్ని ఢీకొని అలలను నిటారుగా లేపుతుంది.

ఇంజను వేసే ముందు డీజిల్ ఫిల్టరు అడుగున నీరు చేరిందేమో వదిలి చూడాలి, ఎందుకంటే ఆ రోజుల ఊపుకు ట్యాంకు అడుగు మడ్డి పైకి లేచి ఉంటుంది. తెగిన తాడు ముక్కలు ప్రొపెల్లర్‌కు చుట్టుకుని ఉంటాయి కాబట్టి ఒకరు దిగి చూడాలి. అతను పైకి వచ్చేదాకా ఇంజను తాళం సరంగు జేబులోనే ఉండాలి. చుక్కాని రెండు వైపులా పూర్తిగా తిరుగుతోందా, లైట్లు వెలుగుతున్నాయా, వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానల్ పలుకుతోందా అని చూసుకుని, ఎంతమంది వెళుతున్నారు, ఎటు వెళుతున్నారు, ఏ రోజుకు తిరిగి వస్తారు అన్న మూడు సంగతులు ఒడ్డున ఒకరికి రాసి ఇవ్వాలి. వారి దగ్గర కోస్ట్ గార్డ్ నంబరు 1554, మెరైన్ పోలీసు నంబరు 1093 కూడా ఉండాలి. అదనంగా వేసిన తాళ్లను విప్పి మంచినీటితో కడిగి ఆరబెట్టి, నలిగిన చోట్లను కోసేసి విడిగా చుట్టి పెట్టాకే బయలుదేరాలి, ఎందుకంటే ఈ కాలంలో అవి మళ్లీ వారంలోనే కావలసి రావచ్చు.